ముప్పావుగంట కునుకు

ఏ పడవనైనా కొనవచ్చో కూడదో చెప్పే ముందు మావయ్య అందులో ముప్పావుగంట పడుకుంటాడు. కూర్చుని కాసేపు కళ్ళు మూసుకోవడం కాదు. చెప్పులు విప్పి, సంచిలోంచి సొంత దిండు తీసి, దాన్ని రెండుసార్లు దులిపి, గోడవైపు తిరిగి, జెట్టీ చివరున్న పడవలవాళ్ళకి కూడా వినపడేలా గురక పెడుతూ పడుకోవడం.

పాత పడవలు తనిఖీ చేయడం ఆయన వృత్తి. ఎవరైనా సెకండ్ హ్యాండు పడవ కొనాలనుకుంటే ముందు ఆయన్ని పిలుస్తారు. ఆయన దాన్ని కింద నుంచి పైదాకా చూసి, ఎక్కడ పగిలింది, ఎక్కడ చెమ్మ పట్టింది, ఏది రేపోమాపో ఊడి చేతికొస్తుంది అని రిపోర్టు రాసిస్తాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ రేవులో ఆయన రిపోర్టుకు తిరుగులేదు. అయినా ఆయన్ని ఇన్‌స్పెక్టరుగారని ఎవరూ అనరు, కునుకు మావయ్య అంటారు. మావయ్య అని పిలిచే హక్కు నిజానికి ఒక్క మేనకోడలిదే. చిన్నప్పుడు ప్రతి సెలవుల్లోనూ ఆమె ఆయన వెంట తిరిగి, "మావయ్యా, లే! అందరూ నవ్వుతున్నారు!" అని గొంతు చించుకునేది. అది విని విని రేవులో తాళ్ళు కట్టేవాళ్ళ దగ్గర్నుంచి క్రేను నడిపేవాడి దాకా అందరికీ ఆయన మావయ్యే అయిపోయాడు.

"పడుకుంటే ఏం తెలుస్తుంది మావయ్యా?" అని ఆమె ఎన్నోసార్లు అడిగింది.

"లోపలికి వచ్చే నీళ్ళని తోడే పంపు ఒకటుంటుంది కదా, అది తనంతట తాను ఎన్నిసార్లు మోగిందో లెక్కపెడతా. ఎక్కువసార్లు మోగితే అడుగున ఎక్కడో కారుతున్నట్టు. దిండు పక్కన బూజు వాసనొస్తే కిటికీ కారుతున్నట్టు."

"గురక పెడుతూనే లెక్కపెడతావా?"

"అనుభవం అంటే మరేంటనుకున్నావ్!"

లేవగానే ఆయన అడిగే ప్రశ్న కూడా ఒకటే. కళ్ళు నులుముకుని, దిండు సంచిలో పెట్టుకుంటూ, "నేను పడుకున్నప్పుడు ఎవరైనా ఏమైనా అన్నారా?" అంటాడు. గురక గురించి ఎవరైనా వేళాకోళం చేశారేమోనని పాపం ఆయన బెంగ కాబోలు అనుకునేవాళ్ళు అందరూ. అందుకే మర్యాదకి, "అబ్బే, ఎవరూ ఏమీ అనలేదండీ" అనేవాళ్ళు. ఆయన "అలాగా" అని, ఎందుకో కాస్త దిగులుగా, జేబులోంచి నోటుపుస్తకం తీసి రాసుకునేవాడు.

ఈ అలవాటు పడవలతో ఆగి ఉంటే బాగుండేది. ఒకసారి అత్తయ్య సోఫా కొందామని ఆయన్ని షాపుకి తీసుకెళ్ళింది. ఆయన మొదటి సోఫా మీదే దిండు వేసి పడుకున్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళు కొనడం మానేసి చుట్టూ చేరారు. ముప్పావుగంటకు లేచి సేల్స్‌మన్‌ని అడిగాడు.

"నేను పడుకున్నప్పుడు ఎవరైనా ఏమైనా అన్నారా?"

"మా మేనేజరు చాలా అన్నారండీ."

"సోఫా గురించా?"

"కాదండీ, మీ గురించి."

"సోఫా గురించి ఏమీ అనలేదా? అయితే వద్దులే, పద," అని అత్తయ్యని లేవదీసుకొచ్చేశాడు. అత్తయ్య నెల్లాళ్ళు ఆ షాపున్న వీధిలోంచి నడవలేదు.

విచిత్రమేమిటంటే ఈ గురక సంగతి ఒప్పుకోనిది ఒక్క అత్తయ్యే. "మా ఆయనకి గురకేంటి? ముప్పయ్యేళ్ళుగా పక్కన పడుకుంటున్నా, ఒక్కనాడు వినలేదు" అంటుంది. అది చెవుడని కొందరు, ప్రేమని కొందరు అనుకున్నారు. రెండూ ఒకటేగా అన్నాడు మేనకోడలి భర్త. ఆ పూట మేనకోడలు అతన్ని నీ వంట నువ్వే చేసుకోమంది. ఆఫీసు క్యాంటీనులో వంటాయన కావడం వల్ల, ఇంట్లో కూడా రోజూ వండేది తనే కావడం వల్ల, ఆ శిక్ష అతనికి పెద్దగా తగల్లేదు.

ఆ భర్తను ఎంచిన రోజు కూడా మావయ్య పడుకున్నాడు. అప్పటికి అతను ఒక్క గదిలో అద్దెకు ఉండేవాడు. మేనకోడలు ఇష్టపడింది కదా, మనిషి ఎలాంటివాడో చూద్దామని మావయ్య ఆమెను వెంటబెట్టుకుని ఆ గదికి వెళ్ళాడు. మంచినీళ్ళు తాగాడు, కిటికీ తలుపు తీసి వేసి చూశాడు, గోడ మీద వేళ్ళతో కొట్టి చూశాడు. తర్వాత ఆ కుర్రాడి మంచం మీదే దిండు వేశాడు. సిగ్గుతో ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. గదిలో చోటులేక అతనూ వచ్చి కూర్చున్నాడు. లోపలి నుంచి గురక వస్తుండగా వాళ్ళిద్దరూ ముప్పావుగంట మాట్లాడుకున్నారు. ఆ తర్వాత పెళ్ళి చేసుకున్నారు. మావయ్య గురక వింటూ ప్రేమలో పడ్డానని ఆమె ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తుంది.

నవ్వులాట వేరు, సొంత పడవ వేరు. ఈ సంగతి ఆమెకు మొన్ననే తెలిసొచ్చింది.

ఆమె పదిహేనేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. ఈ నెలాఖరుతో స్కూలువాళ్ళు బస్సులు ఆపేస్తున్నారు. భార్యాభర్తలిద్దరూ ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు. పాత మోటారు యాట్ ఒకటి కొనాలి. కుటుంబాలని, స్నేహితుల గుంపులని ఎక్కించుకుని పూటకో ట్రిప్పు సముద్రంలో తిప్పాలి. ఆమె నడుపుతుంది, అతను వండి పెడతాడు. యాట్ అనగానే తెల్లబట్టల కోటీశ్వరులు గుర్తొస్తారు గానీ, వాళ్ళు చూసుకున్నది ఇరవై రెండేళ్ళ వయసున్న పడవ. పన్నెండుమంది పడతారు. కింద రెండు గదులు, చిన్న వంటగది. పైన మేడలా ఇంకో అంతస్తు, అక్కడ కూడా ఒక స్టీరింగు, పొడవాటి సీట్లు. దాన్ని ఫ్లైబ్రిడ్జి అంటారు. మొదటిసారి చూడటానికి వెళ్ళినప్పుడు ఆమె నిచ్చెనెక్కి ఆ పై స్టీరింగు పట్టుకుంది. బస్సు సీటుకన్నా రెండింతల ఎత్తు, ముందు ఒక్క సిగ్నలు లేదు. ఇక ఆమె కిందికి దిగినా మనసు దిగలేదు.

ఇద్దరి కష్టార్జితమంతా ఆ పడవలోకే వెళ్తుంది. అది మంచిదైతే బతుకు గట్టెక్కుతుంది. లోపల పుచ్చిపోయిందైతే బస్సూ ఉండదు, పడవా ఉండదు. ఇంత పెద్ద విషయాన్ని దిండు పట్టుకుతిరిగే మనిషి చేతిలో పెట్టాలంటే ఆమెకు ధైర్యం చాలలేదు. వద్దంటే మావయ్య బాధపడతాడు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. పక్క రేవులో కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసి, మావయ్య తనిఖీ అయిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికి రమ్మంది. ఆయన లాప్‌టాపు, కెమెరాలు పట్టుకొస్తాడట. తనిఖీ మధ్యలో పడుకుంటాడా అని అడిగితే, ఆయన అర్థంకాక, "ఎక్కడండీ?" అన్నాడు. ఆమెకు ఆ జవాబు బాగా నచ్చింది. ఈ సంగతి భర్తకు కూడా చెప్పలేదు. అతను మావయ్యను ఒక్కమాట అననివ్వడు.

తనిఖీ రోజు పొద్దున ఎనిమిదింటికల్లా క్రేను ఆ పడవను పట్టీలతో నీళ్ళలోంచి ఎత్తి గాల్లో నిలబెట్టింది. అమ్మే ఆయన పెద్దవాడు. నలభై ఏళ్ళు కళ్ళజోళ్ళ షాపు నడిపి మూసేశాడు. అందరూ కళ్ళజోళ్ళాయన అనే అంటారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికూతురి తండ్రిలా చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

మావయ్య చిన్న సుత్తి తీసి పడవ అడుగంతా జానెడు జానెడు చొప్పున కొట్టుకుంటూ వెళ్ళాడు. ప్రతి దెబ్బకీ చెవి ఆనించి వింటాడు. టక్ టక్ అంటే సంతోషం. ఎక్కడైనా మొద్దుగా మోగితే ఆగి, చాక్‌పీసుతో గుండ్రంగా గీస్తాడు. గంటసేపటికి రెండే సున్నాలు గీశాడు, అవీ చిన్న మరమ్మతుతో పోయేవే. ఆ తర్వాత కుడివైపు ప్రొపెల్లరు దగ్గరికి వెళ్ళి దాని రెక్క అంచు మీద బొటనవేలు పెట్టి, అటూ ఇటూ నిమిరి, ఏమీ అనకుండా నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఎప్పట్లాగే మొదటి పేజీ ఖాళీగా వదిలేసి రెండో పేజీలో రాశాడు. ఇన్నేళ్ళుగా ఆ పేజీ ఎందుకు వదిలేస్తాడో ఆమె అడగలేదు. మనిషే ఒక ప్రశ్న అయినప్పుడు ఒక్కో సంగతీ విడివిడిగా ఎంతకని అడుగుతాం?

పడవను మళ్ళీ నీళ్ళలోకి దింపాక ఇంజిన్ల గదిలోకి దిగాడు. తెరవగానే లోపలంతా తెల్లగా మెరిసింది.

"రంగు కొత్తగా వేయించినట్టున్నారు?" అన్నాడు మావయ్య.

"మొన్ననేనండీ. శుభ్రంగా ఉంటుందని."

"చాలా శుభ్రంగా ఉంది" అని మావయ్య నిట్టూర్చాడు. ఆ తర్వాత పిల్లలకి జ్వరం చూసినట్టు ఇంజిను మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"పొద్దున్నే ఎక్కడికైనా వెళ్ళొచ్చారా?"

"లేదండీ. వారం నుంచి ముట్టుకోలేదు."

"అలాగా" అని మావయ్య రాసుకున్నాడు.

ఇంతసేపూ భర్త వంటగదిలోంచి బయటికి రాలేదు. సొరుగులన్నీ లాగి, స్టవ్ వెడల్పు జానలతో కొలిచి, "పెద్ద గిన్నె పడుతుంది! రెండు పడతాయి!" అని కేకలు పెడుతున్నాడు. ఈ మనిషికి పడవంటే నీళ్ళ మీద తేలే వంటిల్లు అని ఆమె విసుక్కుంది.

తర్వాత సముద్రంలోకి తీసుకెళ్ళారు. కళ్ళజోళ్ళాయన ఫ్లైబ్రిడ్జి మీద స్టీరింగు పట్టుకున్నాడు, ఆమె పక్కన కూర్చుంది. మావయ్య ఒక గాజుగ్లాసు నిండా నీళ్ళు తెచ్చి స్టీరింగు ముందున్న బల్ల మీద పెట్టాడు. "కొంచెం వేగం పెంచండి. ఇంకొంచెం. తగ్గించండి. ఇప్పుడు మళ్ళీ పెంచండి." నాలుగుసార్లు అలా చేయించి, గ్లాసు వంకే చూసి, ఆఖరికి ఆ నీళ్ళు గటగటా తాగేశాడు.

"ఏం మావయ్యా?"

"దాహమేసింది."

ఆమె పళ్ళు కొరుక్కుంది. గాలి మొహానికి కొడుతోంది, నీళ్ళు రెండుగా చీలి వెనక్కి పోతున్నాయి, పడవ ఒంపు తిరుగుతుంటే ఆమె కడుపులో చల్లగా ఉంది. ఇంత మంచి పడవ మీద ఈయన మంచినీళ్ళు తాగుతున్నాడు. రేపు తొమ్మిదింటికి వచ్చే కెమెరాల ఆయన్ని తలుచుకుని ధైర్యం తెచ్చుకుంది.

జెట్టీకి తిరిగొచ్చి తాళ్ళు కట్టగానే, ఆమె భయపడ్డదే జరిగింది. మావయ్య సంచిలోంచి దిండు తీశాడు.

"ఇక నేనొక కునుకు తీస్తా."

కళ్ళజోళ్ళాయన కంగారుపడ్డాడు. "ఒంట్లో బాగోలేదా అండీ? డాక్టర్ని పిలవమంటారా?"

"బాగానే ఉందండీ, అలవాటు. ముప్పావుగంట. మీరేం అనుకోకండి." కింద ముందరి గదిలోకి వెళ్ళి, పైనున్న కిటికీ తెరిచి, దిండు రెండుసార్లు దులిపి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిమిషంలో గురక మొదలైంది.

తల ఎత్తుకోలేక ఆమె నిచ్చెనెక్కి పైకి వెళ్ళిపోయింది. కళ్ళజోళ్ళాయన జెట్టీ మీదికి దిగాడు. అటు పది అడుగులు నడిచాడు, ఇటు పది అడుగులు నడిచాడు. గురక వస్తున్న కిటికీ దగ్గర ఆగాడు. మళ్ళీ నడిచాడు. తాడు ముడి బాగానే ఉన్నా విప్పి కట్టాడు. పావుగంట గడిచాక మోకాళ్ళు పట్టుకుంటూ నిచ్చెనెక్కి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"మీరు స్కూలు బస్సు నడుపుతారని చెప్పారు కదమ్మా."

"అవునండీ."

"ఇందులోనూ పిల్లలు ఎక్కుతారా?"

"ఎక్కాలనేగా కొనేది."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడిచాడు.

"కుడివైపు షాఫ్టు వంగిందమ్మా. నిరుడు రాయి తగిలింది. ప్రొపెల్లరు అంచు అరగదీసి సరిచేయించాను గానీ, దాన్ని తిప్పే షాఫ్టు కొద్దిగా వంకరగానే ఉంది. వేగం పెంచితే వణుకుతుంది. అది బయటికి వెళ్ళేచోట బొట్లుబొట్లుగా నీళ్ళు కారుతాయి. ఆ మరకలు కనపడకూడదనే రంగు వేయించాను. పొద్దున ఆరింటికి వచ్చి ఇంజిను తిప్పి వేడి చేశాను. చల్లగా ఉంటే ఒక పట్టాన అందుకోదు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "ఇందాక మావయ్య అడిగితే వారం నుంచి ముట్టుకోలేదన్నారు కదండీ!"

"అడిగారు కాబట్టే అన్నాను. అడిగితే అబద్ధం తేలిగ్గా వచ్చేస్తుందమ్మా. ఇలా అడక్కుండా వదిలేస్తేనే కష్టం." ఆయన కిందికి చూశాడు. "మీ మావయ్యగారు నా పడవలో నమ్మకంగా చెప్పులు విప్పి పడుకున్నారు. అలా పడుకున్న మనిషిని మోసం చేయడం నావల్ల కాలేదు."

"మొదట్లోనే చెప్పి ఉంటే ఏం పోయేది?" అంది ఆమె, కోపం సగం తగ్గిన గొంతుతో.

"చెబితే రాయి ఎలా తగిలిందని అడుగుతారు. ఆరోజు స్టీరింగు మా ఆవిడ చేతిలో ఉంది. ఒక్కసారి నడుపుతానని సరదాపడింది. ఇసుక తగిలిందని చెప్పాను, ఇప్పటికీ అలాగే అనుకుంటోంది. ఇప్పుడు ఆవిడ ఈ నిచ్చెన ఎక్కలేకపోతోంది. ఆవిడ లేకుండా నేను పైకొచ్చి ఎవరితో మాట్లాడను? అందుకే అమ్మేస్తున్నా. పోతూ పోతూ ఆవిడ చేసిందని రేవంతా అనుకోవడం నాకిష్టం లేదమ్మా."

ఆమెకు ఇప్పుడు ఆయన మీద కోపం పోయింది. పోయిందని తెలిసి తన మీద తనకే కొంచెం కోపం వచ్చింది. "షాఫ్టు ఎందుకు వంగిందో రాస్తారు గానీ, స్టీరింగు ఎవరి చేతిలో ఉందో రిపోర్టులో ఎవరూ రాయరండీ" అంది.

వాళ్ళు కిందికి దిగేసరికి వంటగది గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. "ఏంటి, పైన ఏమైనా గొడవా?" అని గుసగుసగా అడిగాడు. "మీరు మాట్లాడుకున్నంతసేపూ లోపల గురక లేదు. మీరు లేవగానే మళ్ళీ మొదలైంది."

ఆమె అతని వంక చూసింది. అప్పుడే లోపల గురక ఆగింది. మావయ్య కళ్ళు నులుముకుంటూ, దిండు సంచిలో పెట్టుకుంటూ వచ్చాడు.

"నేను పడుకున్నప్పుడు ఎవరైనా ఏమైనా అన్నారా?"

ముప్పయ్యేళ్ళుగా మర్యాదస్తులు "అబ్బే" అంటూ వచ్చిన ప్రశ్న అది. కళ్ళజోళ్ళాయన గొంతు సవరించుకుని, "అన్నానండీ. నేనే అన్నాను" అన్నాడు.

మావయ్య మొహం చాటంత అయింది. గబగబా నోటుపుస్తకం తీసి, ఖాళీగా వదిలేసిన మొదటి పేజీ తెరిచాడు. పెద్దాయన షాఫ్టు, కారడం, రంగు, ఇంజిను ఒక్కొక్కటే చెబుతుంటే, "అయ్యో, రాయి తగిలిందా! అరెరె, కారుతోందా!" అని ఆశ్చర్యపోతూ రాసుకున్నాడు. నటనలో మాత్రం ఆయనకు ముప్పయ్యేళ్ళ అనుభవం ఏమీ ఉపయోగపడలేదు. కానీ కళ్ళజోళ్ళాయన అదేమీ గమనించలేదు. బరువు దించుకున్న మనిషి ఎదుటివాడి మొహం అంతగా చూడడు.

బేరం మాట్లాడటానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మేలోగా షాఫ్టు తన ఖర్చుతో మార్పిస్తానని ఆయనే అన్నాడు. "మొదటి నెల నేను కూడా మీతో వస్తానమ్మా. ఆ రాళ్ళు ఎక్కడున్నాయో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు?" అన్నాడు. ఈ కబురు ఇంట్లో చెప్పాలని, మోకాళ్ళ మాట మర్చిపోయి జెట్టీ మీద చకచకా వెళ్ళిపోయాడు.

ఆయన కనుమరుగు కాగానే ఆమె మావయ్య చేతిలోంచి నోటుపుస్తకం లాక్కుంది. మొదటి పేజీ పైన "యజమాని స్వయంగా చెప్పినవి" అని ఉంది. కింద ఇప్పుడు రాసిన నాలుగు వాక్యాలు. పేజీ తిప్పింది. రెండో పేజీలో, ప్రతి మాట పక్కనా టైముతో సహా, అవే సంగతులు. తొమ్మిదింపావుకి ప్రొపెల్లరు అంచు అరగదీశారు. పదింటికి రంగు కింద మరక. పదీ పదికి ఇంజిను ముందే వేడిచేశారు. పదకొండుకి గ్లాసులో నీళ్ళు కుడివైపు వణికాయి, షాఫ్టు వంగింది.

"ఇవన్నీ నీకు ముందే తెలుసు!"

"ఆ మాత్రం తెలియకపోతే సుత్తి ఎందుకు మోయడం?"

"మరి పడుకోవడం ఎందుకు? ఉన్నదున్నట్టు మొహం మీద చెప్పేయచ్చుగా?"

మావయ్య నిచ్చెన మెట్టు మీద కూర్చున్నాడు. "చెప్పొచ్చు తల్లీ. చెబితే ఆయన దొంగైపోతాడు. అప్పుడు నా రిపోర్టులో 'దాచారు' అని ఒక మాట రాయాలి. ఆ మాట రాశాక ఈ రేవులో ఆయన మొహం ఎవరూ చూడరు, పడవ ఎవరూ కొనరు. అదే ఆయనంతట ఆయన చెబితే 'చెప్పారు' అని రాస్తా. లోపం అదే, షాఫ్టు అదే. ఒక్క మాటే తేడా. మనిషికి ఆ ఒక్క మాట మార్చుకునే టైం ఇవ్వాలి కదా. ఊరికే నిలబడి ఎదురుచూస్తే పోలీసులా ఉంటుంది. అందుకని పడుకుంటా."

"చెప్పకపోతే?"

"రాస్తా, తప్పదుగా. రేపు అందులో ఎక్కేది నీ బస్సు పిల్లలు."

"ఇన్నేళ్ళలో ఎంతమంది చెప్పారు మావయ్యా?"

"పదిమందిలో ముగ్గురు."

"మిగతా ఏడుగురు?"

"ఏం చేస్తాం, నాకు మంచి నిద్ర పట్టేది."

భర్త నవ్వలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడిలా మావయ్యనే చూస్తున్నాడు. "మావయ్యగారూ, ఆరోజు నా గదిలో కూడా..." అని ఆగిపోయాడు. ఆమెకు కూడా అదే క్షణంలో ఆ మెట్లు గుర్తొచ్చాయి. ఆరోజు లోపల గురక వినపడుతుంటే, అతను చాలాసేపు గోళ్ళు గిల్లుకుని, తనకి క్యాంటీనులో ఉద్యోగం పోయి అప్పటికి వారమైందని, కొత్తది దొరికేదాకా చెప్పకూడదనుకున్నానని చెప్పాడు. అందుకే అతన్ని నమ్మింది. అందుకే పెళ్ళి చేసుకుంది.

"నీకు అప్పటికే తెలుసా?" అంది ఆమె.

"ఆ క్యాంటీనుకి వెళ్ళి భోంచేసొచ్చాను. అల్లుడి పేరు చెబితే లేడన్నారు. కూర కూడా బాగోలేదు."

"నేను ఆరోజు చెప్పకపోయుంటే?" అన్నాడు భర్త మెల్లగా.

"నువ్వు మంచివాడివనిపించింది. ఇంకో రెండు గంటలు పడుకునేవాణ్ణి" అన్నాడు మావయ్య. "ఆ మంచం స్ప్రింగు మాత్రం నా వీపులో దిగిందోయ్."

ఇన్నాళ్ళూ తాను అందరికీ చెప్పి నవ్వించిన కథ ఆమెకు ఒక్కసారిగా వేరేలా కనిపించింది. మావయ్య లేచి, సంచి భుజాన వేసుకుని, నిచ్చెనెక్కి ఫ్లైబ్రిడ్జి మీదికి వెళ్ళాడు. వెనకే వెళ్ళిన ఆమెకు, పొడవాటి సీటు మీద దిండు వేసి దులుపుతూ కనిపించాడు.

"మళ్ళీ ఎందుకు మావయ్యా? లోపాలన్నీ అయిపోయాయిగా?"

"పడవవి అయిపోయాయి" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. గురక మొదలైంది.

ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. మధ్యాహ్నపు ఎండలో నీళ్ళు మెరుస్తున్నాయి. కింద భర్త గిన్నెలు ఎక్కడెక్కడ పెట్టాలో తనలో తనే చెప్పుకుంటున్నాడు. ఆమె స్టీరింగు తుడిచింది. తుడిచిందే తుడిచింది. ఒకసారి నిచ్చెన దాకా వెళ్ళి తిరిగొచ్చింది. తాడు ముడులు చూసింది. బాగానే ఉన్నాయి. గురక ఒకే తూగులో, తొందర లేకుండా వస్తోంది. కళ్ళజోళ్ళాయన పావుగంట ఆగగలిగాడు. ఆమె పదకొండు నిమిషాలే తట్టుకుంది.

"మావయ్యా."

గురక ఆగింది.

"రేపు పొద్దున్నే వేరే ఇన్‌స్పెక్టర్ని రమ్మన్నాను. నువ్వు పడుకుంటావని, నీ మీద నమ్మకం లేక. మా ఆయనక్కూడా చెప్పలేదు. తప్పయింది."

ఆయన కళ్ళు తెరవలేదు. "తొమ్మిదింటికేగా?"

"నీకెలా తెలుసు?"

"ఆ కుర్రాడే నిన్న ఫోన్ చేశాడు, రేపు ఈ పడవ చూడాలని. చెమ్మ చూసే మీటరు పాడైందట, నాది కావాలన్నాడు. ఇచ్చా. కొత్త బ్యాటరీ కూడా వేసిచ్చా. రానీ, రెండు కళ్ళకన్నా నాలుగు కళ్ళు మంచివేగా. కుర్రాడు బాగా చూస్తాడు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "నిన్ననే తెలిస్తే పొద్దున్నుంచి నన్నెందుకు అడగలేదు?" అంది.

"నా పద్ధతి అది కాదుగా" అని మావయ్య దిండు సర్దుకున్నాడు. "నువ్వు పదకొండు నిమిషాల్లో చెప్పేశావు. ఇంకా ముప్పై నాలుగు నిమిషాలున్నాయి. ఇది నా సొంతానికి. లేపకు."

ఆమె తన చున్నీ తీసి ఆయన మొహానికి ఎండ తగలకుండా పైనున్న కడ్డీకి కట్టింది. కాసేపటికి భర్త నిచ్చెన మీంచి తల పైకి పెట్టి, "మావయ్యగారు లేచారా? చప్పుడు లేదు" అన్నాడు.

ఆమె వంగి చూసింది. మావయ్య నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఛాతీ నెమ్మదిగా లేచి పడుతోంది. ఎంత చెవి పెట్టి విన్నా గురక అన్నది లేదు. ముప్పయ్యేళ్ళుగా అత్తయ్య నిజమే చెబుతోందన్నమాట.

"లేవలేదు" అంది ఆమె నోటిమీద వేలు పెట్టుకుని. "ఇప్పుడే పడుకున్నాడు."